వాటం

మా ఇంటికి స్లాబు వేసినప్పుడు తాపీమేస్త్రీ చెంబుడు నీళ్ళు ఒలకబోసి, గొంతుక్కూర్చుని, అవి ఎటు నడుస్తాయో చూసేవాడు. నీళ్ళు కాసేపు తటపటాయించి ఓ మూలకు పాయగా సాగితే "వాటం కుదిరిందండీ" అంటూ లేచేవాడు. కంటికి చదునుగా కనబడే చోట దాక్కున్న ఆ కొద్దిపాటి ఒరుగు పేరే వాటం. గాలికి ఉంది వాటం, పడవకు ఉంది, గోడకు చేరగిలబడి కూర్చున్న ముసలాయన నడుముకు ఉంది. ఎడమచేత్తో పలక మీద రాయబోయే పిల్లాడిది పుర్రచేతివాటం. అందులో 'పుర్ర' తీసేసి ఉత్త 'చేతివాటం' అంటే మాత్రం దొంగతనమైపోతుంది. భాషకు ఇలాంటి చిలిపితనాలు కొన్ని ఉంటాయి. దీనితో ముందు ముందు పని పడుతుంది, గుర్తుంచుకోండి.

కాలి వాటాన్ని మాత్రం మనం పట్టించుకోలేదు. పుర్రచెయ్యి విన్నాను గానీ పుర్రకాలు అనగా ఎక్కడా వినలేదు. కొత్తకోడల్ని కుడికాలు ముందుపెట్టి రమ్మంటామే గానీ, ఆ పిల్లది అసలు ఏ కాలి వాటమో అడగం. పదిమందిలో ఎనిమిది మంది దాకా కుడికాలి వాళ్ళేనని అంచనా. మీ సంగతేమిటో తెలుసుకోవడానికి చిట్కాలున్నాయి. బంతి ఎదురైతే ఏ కాలు లేస్తుందో చూసుకోండి. నిలబడి ప్యాంటు తొడుక్కునేటప్పుడు ఏ కాలు ముందు దూరుతుందో చూసుకోండి. ఒంటికాలి మీద నిలబడమంటే ఏ కాలిని నమ్ముకుంటారో చూసుకోండి. తమాషా ఏమిటంటే, మొదటి రెండింటికీ 'కుడి' అని చెప్పిన మనిషే మూడోదానికి వచ్చేసరికి చాలాసార్లు 'ఎడమ' అంటాడు. మరి ఎవరిది పెత్తనం? పని చేసే కాలిదా, నిలబడే కాలిదా?

మా అక్క తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే అరుగు మీద కూర్చుని చూసిన రోజుల్లో ఈ ప్రశ్న నాకు తట్టలేదు. ఇప్పుడు తడుతోంది. ఆ ఆటలో ఒక కాలు మడిచి పైకి పట్టుకోవాలి. కింద ఉన్న కాలే కుంటాలి, బిళ్ళనూ అదే తన్నాలి. ఒంటిబరువంతా మోస్తూనే, గాల్లోకి లేచిన ఆ పిసరంత సేపట్లో, బిళ్ళను గీత తగలకుండా పక్క గడిలోకి జరపాలి. మోసేదీ అదే, ఆడేదీ అదే. నాలుగో గడి దాకా వెళ్ళాక అక్క పిక్క వణికేది. "కాలు మార్చుకోరాదూ" అంటే, "మారిస్తే పోయానుగా" అనేది రొప్పుతూ. ప్రపంచంలో పెద్దపెద్ద మైదానాల్లో జరిగే ఆటల్లో ఈ రెండు కొలువులూ రెండు కాళ్ళ మధ్య పంచారు. ఒకటి పాడుతుంది, ఒకటి శ్రుతి పడుతుంది. మన చూపంతా పాడే కాలి మీదే ఉంటుంది.

నేను ఎన్నిసార్లు చూశానో లెక్క తెలియని పది సెకన్ల దృశ్యం ఒకటుంది. 1986 జూన్ 22, మెక్సికో సిటీలో అజ్టెకా స్టేడియం, ఫుట్‌బాల్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. ఇంగ్లండ్ మీద అర్జెంటీనా ఆటగాడు డియెగో మారడోనా 51వ నిమిషంలో ఒక గోలు, 55వ నిమిషంలో ఇంకో గోలు కొట్టాడు. మొదటిది గాల్లోకి ఎగిరి, రిఫరీ కన్నుగప్పి, పిడికిలితో తోసింది. రెండోది ఎడమ పాదంతో చెక్కింది. నాలుగు నిమిషాల తేడాలో మొదట చేతివాటం, తర్వాత కాలివాటం. ఇంత కచ్చితంగా ఆ మధ్యాహ్నాన్ని రెండు మాటల్లో పెట్టగలిగే భాష మనది తప్ప మరోటి ఉందేమో నాకైతే తెలియదు.

ఆ రెండో గోలు చూద్దాం. తోటి ఆటగాడు హెక్టర్ ఎన్రికే దగ్గరి నుంచి బంతి అందేసరికి మారడోనా ఇంకా తన సగంలోనే ఉన్నాడు. ఇంగ్లండ్ గోలుకు వీపు పెట్టి ఉన్నాడు. ఒక పక్క బియర్డ్‌స్లీ, ఒక పక్క రీడ్ మీదికి వస్తున్నారు. ఎడమ అరికాలు బంతి నెత్తి మీద ఆనింది, దాన్ని వెనక్కి లాగింది. ఆ లాగుడుతో పాటే ఒళ్ళంతా బొంగరంలా తిరిగింది. తిరగడం పూర్తయ్యేసరికి ఇద్దరూ వెనకబడ్డారు, ముందు పచ్చిక పరుచుకుని ఉంది. ఇక కుడివైపు నుంచి పరుగు. బుచర్ ఎదురొస్తే లోపలికి కోశాడు. ఫెన్‌విక్ అడ్డం పడబోతే బయటి నుంచి జారాడు. గోలీ షిల్టన్ ముందుకొచ్చి ఒళ్ళు పరిచేలోగా కుడివైపుకు తప్పుకున్నాడు. వెంటాడుతూ వచ్చిన బుచర్ వెనక నుంచి కాళ్ళ మీదికి జారుతున్నాడు. ఆఖరి తాకుడు, బంతి వలలో. మొత్తం పదకొండు తాకుళ్ళు. ఏకాదశ రుద్రులు. పదకొండూ ఎడమ పాదానివే.

ఆఖరి తాకుడు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. గోలీని కుడివైపు నుంచి దాటినవాడికి, తెరిచి ఉన్న గోలులోకి బంతిని నెట్టడానికి కుడికాలే దగ్గరి దారి అనిపిస్తుంది. బంతి అటే ఉంది, ఒళ్ళూ అటే ఒరిగి ఉంది. వెనక నుంచి మనిషి మీద పడుతున్నాడు, తప్పితే మళ్ళీ అవకాశం రాదు. అయినా ఎడమ పాదమే అందుకుంది. మొండితనమనండి, అలవాటనండి. నాకు మాత్రం అది శైలి. ఒక రాగం ఎత్తుకున్నవాడు ఎంత కష్టమైన మలుపులోనైనా అన్యస్వరం ముట్టుకోకుండా బయటపడితే సభలో 'ఆహా' అంటామే, ఆ ఆహా ఇక్కడ.

ఇప్పుడు చూపు అవతలి కాలి మీదికి మార్చండి. ఇది నేను ఎన్నో ఏళ్ళ తర్వాత, ఒక రాత్రి దృశ్యాన్ని బాగా నెమ్మదింపజేసి చూస్తుండగా నా అంతట నేను పడిన ఆశ్చర్యం. ఎడమ పాదం ఒక్కటే బంతిని తాకుతోందంటే, పరుగులో దాని వంతు వచ్చినప్పుడే తాకగలదు. మధ్యలో కుడికాలి వంతు ఖాళీగా పోతుంది. తాళంలో దెబ్బ తర్వాత విసురు ఉన్నట్టు. మోత లేకపోయినా విసురు కూడా తాళంలో భాగమే. అది లెక్క తప్పితే దెబ్బ ఎక్కడ పడుతుంది? బుచర్ దగ్గర లోపలికి కోసినప్పుడు ఒంటిని అటు తోసింది నేలలో గుచ్చుకున్న కుడి పాదం. అరికాలితో బంతిని లాగి తిరిగినప్పుడు ఇరుసుగా నిలిచిందీ అదే. పది సెకన్లూ బంతిని ఒక్కసారీ ముట్టుకోలేదు, ఒక్క అడుగూ తప్పలేదు. ధ్వని సిద్ధాంతం చెప్పిన ఆనందవర్ధనుడి శిష్యుణ్ణయితే ఎడమ పాదాన్ని వాచ్యమనీ, కుడి పాదాన్ని ధ్వని అనీ అనేవాణ్ణి. చెప్పినదాని వెనక చెప్పకుండా నిలబడి, చెప్పినదానికి వెలుగునిచ్చేది.

ఆ గోలుకు స్పానిష్‌లో వ్యాఖ్యానం చెబుతూ విక్టర్ హ్యూగో మొరాలెస్ ఏడ్చాడు, మారడోనాను విశ్వంలో ఎగిరే గాలిపటమన్నాడు. మంచి మాటే. కానీ గాలిపటం ఎగరాలంటే కింద ఎవరో దారం పట్టుకుని నిలబడాలి కదా.

మన దగ్గర ఈ మోసే కాలి సంగతి కనిపెట్టినవాళ్ళు లేకపోలేదు. చిదంబరం నటరాజు కుడికాలి మీద నిలిచి ఎడమకాలు ఎత్తుతాడు. చూసేవాళ్ళంతా ఆ ఎత్తిన పాదానికే మొక్కుతారు, కుంచితపాదమని పేరు కూడా పెట్టుకున్నారు. మదురైలో వెళ్ళియంబలమనే నటరాజ సభలో మాత్రం స్వామి కాలు మార్చాడు. అక్కడ ఎత్తినది కుడికాలు, నిలిచినది ఎడమకాలు. దానికో కథ చెబుతారు. రాజశేఖర పాండ్యుడు తాను నాట్యం నేర్చుకుంటూ, ఒంటికాలి మీద నిలవడం ఎంత యాతనో అనుభవంలో తెలుసుకున్నాడు. వెంటనే అతనికి జాలి కలిగింది నటరాజు మీద. యుగాల తరబడి అదే కాలి మీద నిలబడి ఉన్నాడే, ఆ కాలికి నొప్పి పుట్టదా అని. ఒక్కసారి కాలు మార్చుకో స్వామీ అని బతిమాలాడట, స్వామి మార్చుకున్నాడట. ఎత్తిన పాదం అందం అందరికీ కనబడుతుంది. మోస్తున్న పాదం అలసట కనబడిన రసికుడు ఆ పాండ్యరాజే. అదీ తన పిక్క నొప్పి పుట్టాకే కనబడిందనుకోండి.

వాటం ముందే తెలిసిపోయిన ఆటలో రసం ఎక్కడిదని అడిగేవాళ్ళున్నారు. ఏ కాలు వాడతాడో, ఎటు వెళ్తాడో ఎదుటివాడికి తెలిసిపోతే ఇంకేముంది? గరించాను చూస్తే ఈ అనుమానం తీరుతుంది. 1958, 1962 ప్రపంచకప్పులు గెలిచిన బ్రెజిల్ జట్టులో కుడి అంచున ఆడినవాడు. గరించా అన్నది పిట్ట పేరు. పుట్టుకతోనే కాళ్ళు వంకర. కుడికాలు లోపలికి వంగింది, ఎడమకాలు బయటికి వంగింది. పైగా ఒకటి రెండోదానికన్నా ఆరు సెంటీమీటర్లు పొట్టి. రెండు కాళ్ళూ ఒకే దిక్కుకు వీచిన గాలికి ఒరిగిన చెట్లలా ఉండేవి. అతడు చేసేదల్లా ఎదుటివాడి ముందు ఆగడం, ఎడమకు ఒరిగినట్టు ఒరగడం, కుడికి దూసుకుపోవడం. ఎప్పుడూ కుడికే. ఎదుటివాడికి తెలుసు, స్టేడియానికంతటికీ తెలుసు. అయినా ఆ ఒరుగుకు ఎదుటివాడి మోకాళ్ళు అటే సాగేవి, పిట్ట ఇటు ఎగిరేది.

పద్యనాటకం చూసి పెరిగినవాళ్ళకు ఇందులో వింత కనబడదు. రాయబారంలో కృష్ణుడు ఏం చెబుతాడో, కౌరవులు వింటారో వినరో మనకు తెలియదా? తెలిసే తెల్లవార్లూ కూర్చుంటాం. ఏం జరుగుతుందన్నది కథకు కావాలి. ఎలా జరుగుతుందన్నది రసానికి కావాలి. గరించా కుడికి పోతాడన్నది కథ. ఆ ఆగడంలో ఎంతసేపు ఆగుతాడు, ఒరగడం ఎంత లోతుగా ఒరుగుతాడు, అదీ ఆట. రెండు వైపులా సమానంగా పోగలిగే ఆటగాళ్ళంటే గౌరవమే గానీ, నిజం చెప్పాలంటే వాళ్ళ ఆట నాకు ఒక్కరాత్రి కూడా నిద్ర చెడగొట్టలేదు.

పరుగులోకి వస్తే వాటం లెక్కలోకి దిగుతుంది. 400 మీటర్ల హర్డిల్స్‌లో అడ్డంకులు పది. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 35 మీటర్లు. ఆ దూరాన్ని బేసి అంగల్లో దాటితే ప్రతి హర్డిల్ మీదికీ ఒకే కాలు ముందు లేస్తుంది. సరి అంగలైతే ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. అమెరికా హర్డ్లర్ ఎడ్విన్ మోజెస్ పదమూడు అంగలతో పరిగెత్తాడు. అది మొదట్లోనే కాదు, ఊపిరి మండే ఆఖరి హర్డిల్ దాకా పదమూడే. అంతకు ముందువాళ్ళు అలసట రాగానే అంగ కురచ చేసుకుని పద్నాలుగుకో పదిహేనుకో దిగేవారు. మోజెస్ 1977 నుంచి 1987 దాకా వరసగా 122 పందేలు ఓడకుండా పరిగెత్తాడు. ఆ పరుగును చూస్తుంటే పందెమన్న మాటే మరిచిపోతాం. ఒకే పల్లవిని పదిసార్లు ఒకే కాలప్రమాణంలో పాడి, పదోసారికీ మొదటిసారి ఎంత తాజాగా ఉందో అంత తాజాగా ముగించినట్టుంటుంది.

అయినా నా మనసు కొంచెం ముందటి మనిషి వైపు లాగుతుంది. జాన్ అకీ-బువా, ఉగాండా పోలీసు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్లో అతనికి దక్కింది ఒకటో లేను. లోపలి అంచు కనుక వంపు అక్కడే బిగువు ఎక్కువ, ఎవరూ కోరుకోని చోటు. పైగా ట్రాక్ మీద పరుగు ఎప్పుడూ ఎడమచేతి వైపుకే తిరుగుతుంది, ఒళ్ళు ఎడమకు ఒరుగుతుంది. అందుకే వంపులో ఎడమకాలు ముందు లేచేవాడికి సుళువు. కుడికాలు ముందు లేస్తే వెనక వచ్చే ఎడమకాలు లోపలి గీత మీదికి పోకుండా చూసుకోవాలి. అకీ-బువా ఏ కాలితోనైనా లేవగలడు. అంగలు పదమూడు నుంచి పద్నాలుగుకు జారినప్పుడు, మిగతావాళ్ళు తడబడే చోట, అతను కాలు మార్చి లేచాడు. 47.82 సెకన్లు. 400 మీటర్ల హర్డిల్స్‌ను 48 సెకన్లలోపు పరిగెత్తిన మొదటి మనిషి. మదురైలో కాలు మార్చిన స్వామికి కథ ఉంది, మ్యూనిక్‌లో కాలు మార్చినవాడికి గడియారం ఉంది.

రెండు కాళ్ళూ ఎన్నడూ సమానం కావన్నదానికి నాకు తెలిసిన అందమైన రుజువు మాత్రం ఉసేన్ బోల్ట్. 2009 ఆగస్టు 16, బెర్లిన్, వంద మీటర్లు 9.58 సెకన్లలో. అంగలు నలభై ఒకటి. ఆ పరుగు చూసి నున్నని పట్టు జారినట్టుందని అనుకోనివాళ్ళు ఉండరు. బోల్ట్‌కు వెన్నెముక వంకర, కుడికాలు ఎడమకన్నా అర అంగుళం పొట్టి. డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ పరిశోధకులు అతని పరుగుల వీడియోలు పట్టుకుని అంగ అంగా కొలిచి 2017లో బయటపెట్టిన సంగతి ఇది. కుడి పాదం నేలను గుద్దే గట్టిదనం ఎడమకన్నా సుమారు 13 శాతం ఎక్కువ. ఎడమ పాదం నేల మీద ఆగే సేపు కుడికన్నా సుమారు 14 శాతం ఎక్కువ. ఒకటి గుద్దుతుంది, ఒకటి ఆనుతుంది. మృదంగానికి తొప్పి ఒకటి, వలంతరి ఒకటి. రెండూ ఒకే స్వరం పలికితే దాన్ని మృదంగమని ఎవరంటారు? ప్రపంచంలోకెల్లా వేగంగా పరిగెత్తిన మనిషి ఒక రకంగా కుంటుతూ పరిగెత్తాడు. ఆ కుంటు మన కంటికి ఆనకపోవడం అతని కళ. సరిచేయాల్సిన లోపమా అది, చేస్తే వేగం పెరిగేదా తగ్గేదా అని శాస్త్రజ్ఞులు వాదించుకుంటే వాదించుకోనీ. నాకు ఆ కొలత చదివిన రోజు నుంచి అతని పరుగు చూస్తే చెవులకు కూడా వినబడుతోంది. గట్టిగా ఒకటి, నిదానంగా ఒకటి.

ఇంతా చెప్పి, హైదరాబాదును తలుచుకోకపోతే తప్పు. సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులు, ఫుట్‌బాల్ లోకానికి రహీం సాబ్. ఆయన చేతికిందే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ ఎత్తింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం తెచ్చింది. ఆయన చేతికింద ఆడిన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆటకు ఆ రోజుల్లో ఎక్కడెక్కడివాళ్ళో ముగ్ధులయ్యారు. ఆ రహీం సాబ్‌కు వాటం మీద వేరే అభిప్రాయం ఉండేది. కుర్రవాళ్ళకు ఆయన ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. అందులో బలమైన కాలితో బంతిని తన్నకూడదు. అలవాటు లేని కాలితోనే ఆడాలి.

పంతులుగా ఆయనదే ఒప్పు. ఒక కాలే ఉన్నవాడిని ఎదుటివాడు ఆ ఒక్క వైపూ మూసేసి కట్టిపడేస్తాడు. అందరూ గరించాలు కాలేరు. రసికుడిగా మాత్రం నాకు లోలోపల ఒక భయం. చిన్నప్పటి మారడోనా ఈ పోటీలో పడి ఉంటే? కుడికాలు కూడా పాడటం నేర్చుకుని ఉంటే, అజ్టెకాలో ఆ ఆఖరి తాకుడు దగ్గరి దారినే పోయి ఉండేదేమో. గోలు గోలే. నా రాత్రులు మాత్రం మిగిలిపోయేవి.

కానీ ఆ పోటీని ఊహించుకున్నప్పుడల్లా నాకు కనబడేది నేర్చుకుంటున్న కాలు కాదు. సాయంత్రం ఎండ, దుమ్ము, పదమూడు పద్నాలుగేళ్ళ కుర్రాళ్ళు. బంతి ఒకడి ముందుకొస్తుంది. ఎడమకాలు మొహమాటంగా లేస్తుంది, కొత్తగా సభకెక్కినవాడి గొంతులా. దానికేం, తప్పులు చేస్తూ నేర్చుకుంటుంది. ఇన్నాళ్ళూ ఊళ్ళో పేరు మోసిన కుడికాలు ఆ క్షణాన నేలకు ఆనుకుని, ఒళ్ళంతా మోస్తూ, కదలకుండా నిలబడాలి. అలవాటు లేదు. మడమ జారుతుంది, మోకాలు ఊగుతుంది, బంతి గోలు వైపు కాక గట్టు మీద కూర్చున్నవాళ్ళ మీదికి పోతుంది. అందరూ నవ్వుతారు. కుర్రాడు లేచి, నిక్కరు దులుపుకుని, కుడి పాదాన్ని మట్టిలో రెండుసార్లు రాసి, ఎక్కడ ఆనించాలో వెతుక్కుంటున్నాడు.